పెద్ద సొంత తయారీ టెలిస్కోపు మౌంటును ఒక్కరే కదిలించుకోవడం ఎలా?

కటకం77
18 అంగుళాల అద్దం ఉన్న నా టెలిస్కోపుకు డాబ్సోనియన్ మౌంటును (పైకీ కిందికీ, పక్కలకూ చేత్తో తిప్పే చెక్క పీఠం) ప్లైవుడ్‌తో నేనే కట్టుకున్నాను. ఆకాశం వైపు తిప్పాక దాని పనితనం మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, కానీ ఉంచే గది నుంచి చూసే చోటికి తీసుకువెళ్ళడమే గగనమైపోతోంది. అద్దం 19 కిలోలు, దాన్ని కింద మోసే చట్రం (సెల్) 4, ఆ రెండూ ఉండే మిర్రర్ బాక్స్ 12, తులనం కోసం అడుగున బిగించిన ఇనుప దిమ్మ 4, గొట్టం పైకీ కిందికీ వాలేలా దాన్ని మోసే రాకర్ బాక్స్ 14, దాని కింద నేల మీద ఉండే గ్రౌండ్ బోర్డు 6, మిర్రర్ బాక్సునూ పై పంజరాన్నీ కలిపే ట్రస్ గొట్టాలు 4, గురి చూసుకునే ఫైండరుతో కలిపి, ఐపీసు (కన్ను పెట్టి చూసే కటకం) ఉండే పై పంజరం 5 కిలోలు. అన్నీ కలిస్తే 68 కిలోలు తూగుతుంది. దారి దాదాపు 40 మీటర్లు. మధ్యలో రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున్న ఒక గడప, ఆపైన ఎగుడుదిగుడు మట్టి నేల ఉన్నాయి.

గ్రౌండ్ బోర్డు కింద నాలుగు చిన్న క్యాస్టర్ చక్రాలు ఉన్నాయి. అవి గదిలో బాగానే దొర్లుతాయి, గడప దగ్గర ఆగిపోతాయి, మట్టిలోకి దిగాక అసలు కదలవు. పైగా 300 రెట్లు పెద్దదిగా చేసి చూస్తున్నప్పుడు ఐపీసును ముట్టుకుంటే చాలు, గ్రహం చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. విప్పి ముక్కలుగా మోసుకువెళితే మళ్ళీ బిగించి కొలిమేషన్ (అద్దాలను ఒకదానికొకటి సరిగ్గా అమర్చడం) చేసుకునేసరికి మంచి చీకటి గంట కరిగిపోతుంది. ఇంకొకరి సాయం లేకుండా, విప్పకుండా కదిలించుకునే మార్గం కావాలి. పెద్ద చక్రాలు వేయాలా, లేక మౌంటునే తేలికగా మళ్ళీ కట్టాలా?

చెక్కపని_మాస్టారు
ముందుగా ఆ నాలుగు క్యాస్టర్లనూ తీసివేయండి. మీరు చెప్పిన రెండు బాధలకూ మూలం అవే. మౌంటుకు రెండు వేర్వేరు పనులు ఉంటాయి. ఒకటి ప్రయాణం, రెండోది నిలకడ. ప్రయాణంలో బరువంతా చక్రాల మీద ఉండాలి. చూస్తున్నప్పుడు ఒక్క గ్రాము కూడా చక్రాల మీద ఉండకూడదు, మూడు గట్టి కాళ్ళ మీదే నిలవాలి. ఈ రెండింటినీ ఒకే క్యాస్టరుతో చేయిస్తే రెండూ చెడతాయి. క్యాస్టరు తిరిగే మెడలో కొంత వదులు ఉంటుంది, రబ్బరు కొద్దిగా నొక్కుకుపోతుంది, నేల ఎక్కడా పూర్తి చదునుగా ఉండదు కనుక నాలుగింటిలో ఒకటి ఎప్పుడూ గాలిలో తేలుతూ ఉంటుంది. ఊపు అక్కడే పుడుతుంది.

మీ దారికి తగినది వీల్‌బారో పద్ధతి. రాకర్ బాక్స్ రెండు పక్కలకూ రెండు పొడవాటి పిడులను బోల్టులతో బిగించి, వాటి వెనుక కొసల్లో గాలి టైర్ల చక్రాలు పెట్టి, ముందు కొసలను చేతులతో ఎత్తి తోసుకువెళ్ళడం. చోటికి చేరాక పిడులు దించితే గ్రౌండ్ బోర్డు కాళ్ళు నేలకు ఆనుతాయి. బోల్టులు విప్పి పిడులనూ చక్రాలనూ పక్కన పెట్టేయవచ్చు.

చేతులకు ఎంత బరువు వస్తుందో ముందే లెక్క కట్టుకోండి. మొత్తం 68 కిలోల గురుత్వకేంద్రం ఇరుసుకు 40 సెంటీమీటర్ల దూరంలో, మీరు పట్టుకునే చోటు 160 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చేతులకు 17 కిలోలు వస్తాయి. ఇరుసును లోపలికి జరిపి ఆ 40ని 20 చేస్తే, పట్టుకునే దూరం 160గానే ఉంచితే, 8.5 కిలోలే మిగులుతాయి. అంతకంటే లోపలికి జరిపితే మాత్రం దిగుడు వచ్చినప్పుడు మౌంటు మీ చేతుల్లోంచి పైకి లేచి చక్రాల అవతలికి వాలిపోవచ్చు. కొంత బరువు చేతుల్లో తెలుస్తూ ఉండడమే క్షేమం.

మృగశిర
ఇంకొక మాట చేర్చాలి. గ్రౌండ్ బోర్డును రాకర్ బాక్సుకు కలిపేది మధ్యలోని ఒక్క బోల్టే. చాలా సొంత తయారీ మౌంట్లలో ఆ బోల్టు పక్కకు జారకుండా ఆపడానికే ఉంటుంది తప్ప కింద నట్టు ఉండదు. పిడులతో రాకర్ బాక్సును ఎత్తినప్పుడు గ్రౌండ్ బోర్డు నేల మీదే ఉండిపోతుంది, లేదా ఒక పక్కకు వేలాడి మట్టిని దున్నుకుంటూ వస్తుంది. కింద పెద్ద వాషరు, లాక్ నట్టు వేసి, తిరగడానికి అడ్డుపడనంత సన్నని సందు వదలాలి. ప్రయాణంలో అది గిరగిర తిరగకుండా అంచున ఒక చీల కూడా ఉండాలి.

ఇరుసు_శీల
మాస్టారు చక్రాల కొలత చెప్పలేదు. గడప దాటడం పూర్తిగా వ్యాసం మీదే ఆధారపడి ఉంటుంది. రెండున్నర సెంటీమీటర్ల మెట్టును ఎక్కించడానికి ఇరుసు దగ్గర అడ్డంగా ఎంత బలం కావాలో లెక్క వేస్తే, 10 సెంటీమీటర్ల చక్రానికి దాని మీదున్న బరువుకు 1.73 రెట్లు, 25 సెంటీమీటర్ల చక్రానికి 0.75 రెట్లు, 40 సెంటీమీటర్ల చక్రానికి 0.55 రెట్లు వస్తుంది. కటకం గారి మౌంటులో చక్రాల మీద 60 కిలోలు పడుతుందనుకుంటే, ఆ చిన్న క్యాస్టరుతో వందకు పైగా కిలోల బలంతో తోయాలి. అది ఒక మనిషికి సాధ్యం కాదు, కాబట్టే అది గడప దగ్గర ఆగిపోతోంది.

10 నుంచి 25కు వెళ్ళినప్పుడు కలిగే లాభం, 25 నుంచి 40కి వెళ్ళినప్పుడు కలగదు. అందుకని 25 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య ఆగడం మంచిదని నా అభిప్రాయం. అంతకు మించితే ఇరుసు ఎత్తు పెరిగి, దాన్ని రాకర్ బాక్సుకు దగ్గరగా పెట్టే చోటు దొరకదు. గడప వచ్చినప్పుడు తోయకుండా వెనుదిరిగి లాగండి. తోసేటప్పుడు చేతుల బలం కొంత కిందికి నొక్కుతుంది, లాగేటప్పుడు కొంత పైకి ఎత్తుతుంది.

తేలిక_గొట్టం
అందరూ 68 కిలోలను అలాగే ఉంచి దాని కింద చక్రం ఎలా పెట్టాలా అని ఆలోచిస్తున్నారు. ఆ 68 ఎందుకు ఉండాలి అన్నది అసలు ప్రశ్న. ఈ మౌంటులో 4 కిలోల ఇనుప దిమ్మ ఏ పనీ చేయకుండా ప్రయాణం చేస్తోంది.

అది ఎందుకు వచ్చిందో చూడండి. 18 అంగుళాల అద్దం ఎఫ్/4.5 (నాభ్యంతరం వ్యాసానికి నాలుగున్నర రెట్లు) అనుకుంటే నాభ్యంతరం రెండు మీటర్లు దాటుతుంది. ఎత్తు ఇరుసు (గొట్టం పైకీ కిందికీ తిరిగే ఇరుసు) నుంచి అద్దం 35 సెంటీమీటర్లు కిందికీ, పై పంజరం 140 సెంటీమీటర్లు పైకీ ఉంటాయి. అంటే పైన ఉన్న ప్రతి కిలోకూ కింద నాలుగు కిలోలు బదులు చెప్పాలి. పై పంజరంలో ఒక్క కిలో తగ్గించండి, దిమ్మ మొత్తం అనవసరమవుతుంది. 5 కిలోలు ఒక్కసారిగా పోతాయి. భారీ ఫైండరు బదులు ఎర్ర చుక్క ఫైండరు పెట్టడం, రెండు వలయాల పంజరాన్ని ఒక వలయంగా మార్చడం, ఐపీసును ముందుకూ వెనక్కూ జరిపే ఫోకసరును చిన్నదిగా ఎంచుకోవడం, వీటిలో ఏ రెండు చేసినా కిలో దాటుతుంది.

తర్వాత రాకర్ బాక్స్. 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ చదరపు మీటరుకు 12 కిలోలకు పైగా తూగుతుంది, 12 మిల్లీమీటర్లది 8 కిలోలు. మూడో వంతు బరువు అక్కడే తగ్గించవచ్చు.

చెక్కపని_మాస్టారు
పై పంజరం గురించి మీరు చెప్పినదాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను, అది బంగారు మాట. ప్లైవుడ్ దగ్గర మాత్రం ఒప్పుకోలేను. పలక వంగకుండా నిలిచే శక్తి మందం ఘనంతో మారుతుంది. 18ని 12 చేస్తే బరువు మూడో వంతు తగ్గుతుంది, బిగువు మూడో వంతుకంటే తక్కువే మిగులుతుంది. పిడులు బిగించేది ఆ పక్క పలకలకే. ఎత్తిన ప్రతిసారీ అవి లోపలికి మెలి తిరిగితే కొన్నాళ్ళకు మూలల అతుకులు వదులవుతాయి. అప్పుడు ఆ ఊపు ఐపీసులో కనబడుతుంది.

తేలిక_గొట్టం
అంతటా 12 వేయమని నేను అనలేదు, మాస్టారూ. బలం నడిచే దారిలో మందం ఉంచి, మిగతా చోట తీసివేయాలి. రాకర్ బాక్స్ పక్క పలకలో బరువు ఎత్తు బేరింగు కింది, నున్నగా జారే టెఫ్లాన్ ముక్కల నుంచి నేరుగా కిందికి, అజిమత్ (పక్కలకు తిరగడం) టెఫ్లాన్ ముక్కల మీదికి దిగుతుంది. ఆ రెండింటినీ ఒకే నిలువు గీత మీదికి తెస్తే మధ్య పలకకు వంగే పనే ఉండదు. మిగిలిన చోట 18 మిల్లీమీటర్ల పలకలోనే పెద్ద గుండ్రటి కిటికీలు కోయవచ్చు, మూలల్లో త్రికోణపు చెక్క ముక్కలు అతికించవచ్చు. పిడులు బిగించే చోట అదనంగా ఇంకొక పలక అతికించండి. మీ బిగువూ ఉంటుంది, నా తేలికా ఉంటుంది.

పాలపుంత
బరువు తగ్గించాలంటే అందరూ పలచని అద్దం వైపు చూస్తారు, దాని గురించి ఒక హెచ్చరిక. 18 అంగుళాల పైరెక్స్ అద్దం 2 అంగుళాల మందంతో 18.6 కిలోలు, ఒకటిన్నర అంగుళాల మందంతో 14 కిలోలు ఉంటుంది. నాలుగున్నర కిలోలు తగ్గిన మాట నిజమే, కానీ అది తగ్గింది ఎత్తు ఇరుసుకు కింద. పైన ఉన్నది అలాగే ఉంటే గొట్టం ముక్కు కిందికి వాలుతుంది, మళ్ళీ ఇనుప దిమ్మ తప్పదు. లేదా ఇరుసును పైకి జరపాలి, రాకర్ బాక్సును ఎత్తు చేయాలి. కనుక పై పంజరం నుంచి మొదలుపెట్టమన్న తేలిక_గొట్టం గారి వరుసే సరైనది.

కటకం77
పై పంజరం లెక్క చూసి ఆశ్చర్యపోయాను, దాన్ని తప్పక మారుస్తాను. ఇప్పుడు నా సందేహం ఒకటే. ట్రస్ గొట్టాలూ పై పంజరమూ బిగించి ఉంచే తోసుకువెళ్ళవచ్చా? గొట్టం నిలువుగా ఉంటే తలుపులోంచి పట్టదు. వాల్చితే బరువు ఒక పక్కకు పోయి వీల్‌బారో చేతుల్లోంచి జారుతుందేమోనని భయంగా ఉంది.

ఇరుసు_శీల
ఆ భయం అక్కరలేదు. తులనం సరిగ్గా ఉన్న గొట్టానికి గురుత్వకేంద్రం ఎత్తు ఇరుసు మీదే ఉంటుంది. మీరు దాన్ని ఎంత వాల్చినా ఆ కేంద్రం చోటు మారదు, కాబట్టి చేతులకు వచ్చే బరువూ మారదు.

గమనించవలసినది వేరే ఉంది. పిడులు ఎత్తగానే రాకర్ బాక్స్ మొత్తం చక్రాల వైపుకు, అంటే వెనక్కి వాలుతుంది. 160 సెంటీమీటర్ల పిడిని 45 సెంటీమీటర్లు పైకి లేపితే ఆ వాలు 16 డిగ్రీలు అవుతుంది. గొట్టాన్ని నిలువుగా ఉంచి ఎత్తితే అద్దం తన వెనుక అంచు వైపు జరుగుతుంది, అక్కడ దానికి ఏ ఆధారమూ ఉండదు. అందుకని ఎత్తే ముందే గొట్టాన్ని ముందుకు, చూసేటప్పుడు మామూలుగా దించే వైపుకే, నేల మట్టానికి 30 డిగ్రీల ఎత్తు దాకా వాల్చి బిగించండి. అప్పుడు అద్దం బరువు ఎప్పుడూ దాని కింది అంచు పట్టీ మీదే ఉంటుంది. తలుపు ఎత్తు సమస్యా తీరుతుంది.

బిగించడం మాత్రం మరవకూడదు. దారిలో ఒక గుంటలో చక్రం పడినప్పుడు వదులుగా ఉన్న రెండు మీటర్ల గొట్టం ఒక్క ఊపున తోసేవారి ముఖం మీదికి రాగలదు.

మృగశిర
మిర్రర్ బాక్స్ పక్కనుంచి రాకర్ బాక్సులోకి దూరే ఒక గట్టి చీల, దానితో పాటు రెండింటినీ చుట్టి లాగే ఒక పట్టీ, రెండూ ఉంటే మంచిది. చీల తిరగకుండా ఆపుతుంది, పట్టీ పైకి ఎగరకుండా ఆపుతుంది. ఎత్తు బేరింగులు రాకర్ మీద ఊరికే కూర్చుని ఉంటాయి కదా, గట్టి కుదుపుకు లేచి పక్కకు పడగలవు.

అర్ధరాత్రి_కళ్ళు
కుదుపుల మాట వచ్చింది కనుక అద్దం గురించి చెబుతాను. గాలి టైర్లను పూర్తి ఒత్తిడితో నింపవద్దు. వేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా లోపలికి పోయేంత మెత్తగా ఉంచితే చిన్న రాళ్ళ దెబ్బలన్నీ టైరే మింగేస్తుంది. గట్టి రబ్బరు చక్రాలైతే ప్రతి దెబ్బా సెల్ దాకా పోతుంది.

అద్దం అంచున ఉండే క్లిప్పులు అద్దాన్ని తాకకూడదు, మధ్య ఒక కాగితం మందం సందు ఉండాలి. తాకితే గాజు మీద ఒత్తిడి పడి నక్షత్రాలు త్రికోణాలుగా కనిపిస్తాయి. సందు మరీ ఎక్కువైతే కుదుపులో అద్దం ఎగిరి పడుతుంది. 40 మీటర్ల మట్టి దారి తర్వాత కొలిమేషన్ కొద్దిగా జరగడం సహజమే, కానీ లేజరు పెట్టి ఒకటి రెండు మరలు తిప్పితే సరిపోవాలి. ప్రతిసారీ ఒకే వైపుకు జరుగుతుంటే ఆ వైపు ట్రస్ గొట్టాల చివరి బిగింపులు వదులుగా ఉన్నాయని అర్థం.

చదునునేల
మట్టి దారి లేని వారి కోసం కూడా ఒక పద్ధతి రాస్తున్నాను. నా దారి మొత్తం సిమెంటు గచ్చు. పిడులు, పెద్ద చక్రాలు నాకు అవసరం కాలేదు. ఒక త్రికోణపు ఉక్కు చట్రం చేసి, మూడు మూలల్లో మూడు క్యాస్టర్లు, ప్రతి క్యాస్టరు పక్కన ఒక నిలువు మర పెట్టాను. మౌంటు ఎప్పుడూ ఆ చట్రం మీదే ఉంటుంది. చోటికి చేరాక మూడు మరలనూ తిప్పితే చక్రాలు నేలను వదిలిపెడతాయి.

మరకు ఎం16 (16 మిల్లీమీటర్ల) కడ్డీ వాడాను. దాని పిచ్ 2 మిల్లీమీటర్లు, అయిదు చుట్లకు ఒక సెంటీమీటరు లేస్తుంది, అంతకంటే ఎక్కువ అవసరం లేదు. పైన అరచేతి వెడల్పు పిడి ఉంటే వంగి కష్టపడకుండా తిప్పవచ్చు. నేల వాలుగా ఉన్నా ఆ మరలతోనే మట్టం సరిచేసుకుంటాను.

మరలు మూడే ఉండాలి. నాలుగో కాలు పెట్టిన చోట ఊపు మళ్ళీ వస్తుంది.

ధ్రువరేఖ
నాది వేరే రకం మౌంటు కనుక వేరే కష్టం. ఇనుప గొట్టాలూ పెద్ద బేరింగులతో కట్టిన ఈక్వటోరియల్ మౌంటు (ఒక ఇరుసు ఖగోళ ధ్రువం వైపు చూసే రకం) మీద 10 అంగుళాల న్యూటోనియన్ అద్దపు టెలిస్కోపు ఉంది. దీన్ని విప్పడం తేలికే, కానీ కదిలించిన ప్రతిసారీ ధ్రువం వైపు అమరిక మొదటికి వస్తుంది. డాబ్సోనియన్ వారికి ఈ బాధ తెలియదు.

దీనికి నేను చేసినది చెబుతాను. నేలలో మూడు సిమెంటు దిమ్మలు పాతి, ఒకదాని మీద శంకువు ఆకారపు గుంట ఉన్న ఉక్కు బిళ్ళ, రెండోదాని మీద గాడి ఉన్న బిళ్ళ, మూడోదాని మీద చదును బిళ్ళ బిగించాను. మౌంటు మూడు కాళ్ళ కొసలూ గుండ్రంగా ఉంటాయి. గుంటలో కూర్చున్న కాలు ఎటూ జరగదు, గాడిలోది ఒక దిశలోనే జరుగుతుంది, మూడోది ఎత్తును మాత్రమే నిర్ణయిస్తుంది. అందువల్ల ఎన్నిసార్లు తీసి పెట్టినా మౌంటు అదే చోట, అదే దిశలో కూర్చుంటుంది. గాడి తప్పనిసరిగా గుంట వైపు చూస్తూ ఉండాలి. అడ్డంగా పెడితే కాళ్ళు ఇరుకున పడతాయి.

టెలిస్కోపుకు ఎదురు తూగే కౌంటర్‌వెయిటు బరువు తగ్గించాలనుకునే వారు కడ్డీని పొడవు చేస్తారు. 40 సెంటీమీటర్ల దగ్గర 10 కిలోలు చేసే పనిని 80 సెంటీమీటర్ల దగ్గర 5 కిలోలు చేస్తాయి, మోసే బరువు సగమవుతుంది. అయితే తిరిగే జడత్వం దూరం వర్గంతో పెరుగుతుంది కనుక, ఆ సగం బరువే రెండింతల జడత్వాన్ని తెస్తుంది. గాలి తగిలినప్పుడు ఊపు ఆగడానికి ఎక్కువ సేపు పడుతుంది. నేను మధ్యలో ఆగాను.

పాలపుంత
ధ్రువరేఖ గారి మూడు బిళ్ళల పద్ధతి డాబ్సోనియన్‌కూ పనికి వస్తుంది. ఈక్వటోరియల్ ప్లాట్‌ఫారం (నక్షత్రాలను వెంబడిస్తూ మెల్లగా కదిలే పీఠం) మీద మౌంటును నిలబెట్టేవారికి అదే ధ్రువ అమరిక సమస్య ఉంటుంది.

అర్ధరాత్రి_కళ్ళు
కదిలించడం అంటే గది నుంచి బయటికి తేవడమే కాదు, ఆకాశం మీద తిప్పడం కూడా. ఒకదాని కోసం చేసిన మార్పు రెండోదాన్ని దెబ్బ తీయకుండా చూసుకోవాలి. 300 రెట్ల దగ్గర 50 డిగ్రీల ఐపీసులో కనిపించే వృత్తం 10 ఆర్క్‌నిమిషాలే (డిగ్రీలో ఆరో వంతు). ఖగోళ మధ్యరేఖ దగ్గర ఉన్న గ్రహం దాన్ని 40 సెకన్లలో దాటిపోతుంది. అంటే ప్రతి అర నిమిషానికీ ఈ భారీ యంత్రాన్ని వెంట్రుకవాసి జరపాలి. అది మొదట మొరాయించి తర్వాత ఒక్కసారిగా దూకితే పరిశీలన సాగదు.

టెఫ్లాన్ గొప్పతనం ఇక్కడే ఉంది. కదలడానికి ముందున్న ఘర్షణ, కదులుతున్నప్పటి ఘర్షణ దానిలో దాదాపు సమానం. ఎదురుగా గరుకు మెరుపున్న లామినేటు ఉండాలి, అద్దంలా నున్నగా ఉన్నది పనికిరాదు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దగ్గర ఉండడం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. కటకం గారి మౌంటులో గ్రౌండ్ బోర్డు పోగా 62 కిలోలు మూడు ముక్కల మీద పడుతుంది, ఒక్కొక్కదానికి దాదాపు 21 కిలోలు. అంటే ఒక్కో ముక్క నాలుగున్నర సెంటీమీటర్ల చదరం ఉంటే చాలు. తేలిక_గొట్టం గారు చెప్పినట్టు బరువు తగ్గించాక ముక్కలను ఆ మేరకు కోయాలి, లేకపోతే తిప్పడంలో నున్నదనం మారిపోతుంది.

తేలిక_గొట్టం
ఇది నేను చెప్పి ఉండవలసిన షరతు, సరిగ్గా చేర్చారు. ఇంకొకటి కూడా ఉంది. తేలికైన మౌంటును పక్కకు నెట్టినప్పుడు తిరగడానికి బదులు మొత్తం నేల మీద జారే ప్రమాదం ఉంది. కాళ్ళకు రబ్బరు బిళ్ళలు పలచగా, గట్టిగా ఉండేవి వేయాలి.

కటకం77
నడినెత్తి దగ్గరికి పోయినప్పుడు అజిమత్ తిప్పడం మరీ బరువుగా ఉంటుంది. అది కూడా టెఫ్లాన్ కొలత వల్లేనా?

ఇరుసు_శీల
కొంత మటుకే. అసలు కారణం చేతికి దొరికే దూరం. గొట్టం కొసను పట్టుకుని తిప్పేటప్పుడు, మధ్య బోల్టు నుంచి మీ చేయి అడ్డంగా ఎంత దూరంలో ఉందన్నదే లెక్క. 45 డిగ్రీల ఎత్తులో ఉన్న ఆ దూరం 80 డిగ్రీల దగ్గర నాలుగో వంతు అవుతుంది, కాబట్టి నాలుగింతల బలం కావాలి. టెఫ్లాన్ ముక్కలను మధ్య బోల్టు వైపు కొద్దిగా జరిపితే ఘర్షణ అడ్డే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. మరీ లోపలికి జరపవద్దు, నిలకడ పోతుంది. జరిపినప్పుడు కాళ్ళను కూడా వాటి సరిగ్గా కిందికే తీసుకురావాలి. నడినెత్తి దగ్గర గొట్టం కొసను కాకుండా మిర్రర్ బాక్స్ మూలను పట్టుకుని తిప్పడం కూడా ఒక అలవాటు చేసుకోవలసిన పని.

చెక్కపని_మాస్టారు
బరువు ఒక్కటే అడ్డు కాదనడానికి అమెరికాలోని పాలోమార్ కొండ మీది 200 అంగుళాల హేల్ టెలిస్కోపే సాక్ష్యం. దానిలో కదిలే భాగమే సుమారు 530 టన్నులు, పలచని నూనె పొర మీద తేలుతూ చాలా చిన్న మోటారుతో తిరుగుతుంది. 1917 నాటి 100 అంగుళాల హుకర్ టెలిస్కోపులో ఆ పనిని పాదరసం చేసింది. మనం వాడే ట్రస్ గొట్టాల ఊహ కూడా 1930లలో హేల్ కోసం మార్క్ సెరూరియర్ గీసిన చట్రం నుంచి వచ్చినదే.

జాన్ డాబ్సన్ దీన్ని ప్లైవుడ్ స్థాయికి దించాడు. ఆయనా మిత్రులూ 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్‌ను మొదలుపెట్టి, పెద్ద టెలిస్కోపులను వీధుల్లోకి తెచ్చి దారిన పోయేవారికి చంద్రుణ్ణి చూపించారు. కదిలించలేని టెలిస్కోపుతో ఆ పని అయ్యేది కాదు. ఈ మౌంటు పుట్టుకలోనే ప్రయాణం ఉంది, అందుకే దాన్ని కదిలించే ఏర్పాటును అదనపు హంగుగా చూడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

మృగశిర
వాహనంలోకి ఎక్కించవలసిన రోజుల సంగతి ఎవరూ ఎత్తలేదు. డిక్కీ ఎత్తు 70 సెంటీమీటర్లు అనుకుందాం. 2 మీటర్ల వాలు బల్ల వేస్తే 68 కిలోలను ఎక్కించడానికి దాదాపు 24 కిలోల బలం కావాలి, 3 మీటర్ల బల్ల అయితే 16 కిలోలు చాలు. అయితే అంత పొడవు బల్ల మధ్యలో వంగుతుంది, కింద ఒక మడత కాలు పెట్టాలి. ఈ పనికి మాత్రం ట్రస్, పై పంజరం తీసివేసి కింది పెట్టెలనే ఎక్కించండి. బల్ల మీద మౌంటు ఉన్నంతసేపు దానికి దిగువన నిలబడవద్దు. లోపలి వైపు నుంచి తాడుతో లాగండి, ప్రతి అడుగుకూ చక్రాల వెనుక చెక్క ముక్క అడ్డు పెట్టుకుంటూ వెళ్ళండి.

కటకం77
క్యాస్టర్లు ఈరోజే తీసివేశాను. పై పంజరాన్ని ఒక వలయంగా మారుస్తున్నాను. పిడులకు పొడవాటి గట్టి కర్ర దొరికింది, 25 సెంటీమీటర్ల గాలి టైర్లు కూడా ఉన్నాయి. పక్క పలకకు పిడిని ఎలా బిగించాలన్నదే మిగిలింది. చెక్క మరలు చాలవని తెలుసు. ప్రతిసారీ స్పానరు వెతుక్కోకుండా చేతితోనే బిగించగలగాలి.

చెక్కపని_మాస్టారు
ఒక్కో పిడికి రెండు బోల్టులు చాలు, కానీ వాటి మధ్య దూరం కనీసం 35 సెంటీమీటర్లు ఉండాలి. దగ్గరగా పెడితే ఎత్తేటప్పుడు ముందు బోల్టు మీద పడే లాగుడు చాలా పెరుగుతుంది. పలక లోపలి వైపు అదనపు ప్లైవుడ్ అతికించి, దాని లోపలి ముఖం నుంచి పళ్ళున్న టీ నట్టు దిగ్గొట్టండి. బోల్టు బయటినుంచి వస్తుంది, లాగేకొద్దీ టీ నట్టు చెక్కను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మరలు తిప్పి దించే ఇన్సర్టులు ఇక్కడ వద్దు, అవి కాలక్రమంలో ప్లైవుడ్ పొరలను చీల్చుకుని ఊడివస్తాయి. బోల్టు ఎం10, తలకు పెద్ద ప్లాస్టిక్ పిడి, కర్రకూ తలకూ మధ్య వెడల్పాటి వాషరు. కర్రలో రంధ్రానికి ఒక చిన్న ఇత్తడి గొట్టం తొడిగితే రంధ్రం సాగిపోదు.

ఇరుసు_శీల
రెండు చక్రాలకూ కలిపి ఒకటే ఇరుసు కడ్డీ వేయాలనుకోకండి. రాకర్ బాక్స్ కింద నుంచి అది వెళితే గ్రౌండ్ బోర్డుకు తగులుతుంది. ఒక్కో పిడికి విడిగా పొట్టి ఇరుసు, చక్రానికి రెండు వైపులా ఆధారం ఉండే ఉక్కు పట్టీ పెట్టండి. ఒక వైపే ఆధారం ఉంటే 30 కిలోల బరువుకు ఇరుసు వంగి చక్రాలు కాళ్ళు ఎడం చేసినట్టు అవుతాయి. పిడులు దించినప్పుడు చక్రం నేలకు ఒకటి రెండు సెంటీమీటర్లు పైన నిలిచేలా పట్టీ ఎత్తు చూసుకోండి. అప్పుడు ఎప్పుడైనా పిడులు విప్పే ఓపిక లేకపోయినా, చూస్తున్నంతసేపు బరువు మూడు కాళ్ళ మీదే ఉంటుంది.